ముందు పద్దు, తర్వాత డబ్బు: అమీర్‌పేటలో నేను చేసిన క్రిప్టో కోర్సు

మైత్రీవనం పక్క సందులో, టిఫిన్ సెంటర్ పైన రెండో అంతస్తులో, శని ఆదివారాల్లో నడిచే పన్నెండు వారాల క్రిప్టో కోర్సు గురించి ఇది. క్రిప్టో అంటే బిట్‌కాయిన్ లాంటి డిజిటల్ కాయిన్లు. 2024 జూన్‌లో చేరాను, ఆగస్టు చివరికి పూర్తయింది. ఇప్పుడు అక్కడ నేర్చుకున్న పనితోనే జీతం తెచ్చుకుంటున్నాను కాబట్టి మంచీ చెడూ రెండూ చెప్పగలను. ఇన్‌స్టిట్యూట్ పేరు రాయడం లేదు. నా ఫిర్యాదులు వాళ్ల ఆఫీసులో కూర్చుని ముఖం మీదే చెప్పేశాను. పైగా అమీర్‌పేటలో ఇలాంటివి చాలా ఉన్నాయి. మీరు ఎందులో చేరినా ఏం చూసుకుని చేరాలో తెలిస్తే మంచిదని రాస్తున్నాను.

నాది తెనాలి దగ్గర పల్లెటూరు. బీకాం అయ్యాక గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో ఆరేళ్లు లెక్కలు రాశాను. ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగాయి, ఏ రైతుకి ఎంత ధర పడింది, కమీషన్ ఎంత, హమాలీ ఎంత, చివరికి చేతికి ఎంత ఇవ్వాలి, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఇదే పని. పెళ్లయ్యాక కూకట్‌పల్లి వచ్చాను.

క్రిప్టో నాకు మొదట పరిచయమైంది ఒక టెలిగ్రామ్ గ్రూపులో. 2021 చివర్లో మా మరిది చేర్పించాడు. ఏ కాయిన్ ఎప్పుడు కొనాలో, ఎప్పుడు అమ్మాలో సిగ్నల్స్ ఇస్తామని 9,999 రూపాయలు కట్టించుకున్నారు. గాజుల కోసం దాచుకున్న 60,000 కొంచెం కొంచెంగా లూనా కాయిన్‌లో పెట్టాను. 2022 ఏప్రిల్‌లో అది వంద డాలర్లు దాటింది. మే రెండో వారంలో నాలుగైదు రోజుల్లో పైసాకి కూడా పనికిరాకుండా పోయింది. మే 10న గ్రూపు అడ్మిన్ 'డిస్కౌంట్‌లో దొరుకుతోంది, ఇంకా కొనండి' అని మెసేజ్ పెట్టాడు. 13వ తేదీకి గ్రూపే లేదు.

డబ్బు పోయిన బాధ కొన్ని నెలలకి తగ్గింది. లెక్క ఎక్కడ తప్పిందో అర్థం కాని బాధ మాత్రం తగ్గలేదు. ఆరేళ్లు పద్దులు రాసినదాన్ని, ఎక్కడో ఒక చోట డెబిట్ ఉంటే ఇంకో చోట క్రెడిట్ ఉండాలి కదా అని రాత్రిళ్లు ఆలోచించేదాన్ని. కోర్సులో చేరింది ఆ జవాబు కోసమే. రెండో వారంలోనే దొరికింది. యూఎస్‌టీ అనే కాయిన్‌ను ఎప్పుడూ ఒక డాలరు దగ్గర నిలబెట్టడానికి, దాన్ని ఇచ్చేసినవాళ్లకి ఒక డాలరు విలువైన లూనా కొత్తగా పుట్టించి ఇచ్చే ఏర్పాటు పెట్టారు. జనం ఒక్కసారిగా బయటికి పరిగెత్తేసరికి లూనా పుడుతూనే ఉంది. సుమారు 35 కోట్లున్న కాయిన్లు వారం తిరక్కుండా ఆరు లక్షల కోట్లు దాటాయి. బోర్డు మీద ఆ రెండు అంకెలు పక్కపక్కన చూశాక నాకు రెండేళ్ల తర్వాత మనసు కుదుటపడింది.

ఇక కోర్సు సంగతి. బయట బ్యానర్ మీద ఫీజు 24,000 అని ఉంటుంది. జీఎస్టీ 18 శాతం కలిపితే 28,320. మూడు వాయిదాల్లో కట్టొచ్చు, రసీదు ఇస్తారు. మా బ్యాచ్‌లో 22 మందిమి, గదిలో సిస్టమ్స్ 14. సొంత ల్యాప్‌టాప్ ఉంటే తెచ్చుకోండి, లేకపోతే పక్కవాళ్లతో పంచుకోవాలి. వైఫై సాయంత్రం నాలుగు తర్వాత నెమ్మదిస్తుంది. పాఠం తెలుగులో చెప్తారు, నోట్స్ ఇంగ్లిష్‌లో ఇస్తారు. నాలాగా తెలుగు మీడియంలో చదివినవాళ్లకి ఆ తెలుగు పాఠం ఎంత ఊరటో మాటల్లో చెప్పలేను.

గోడ మీద పెద్ద పోస్టర్ ఉంది, బిట్‌కాయిన్ బొమ్మ, పక్కన కారు బొమ్మ, 'క్రిప్టో రంగంలో సక్సెస్ మీదే' అని. మొదటి శనివారం సారు వచ్చి దాని గురించి ఒక్క మాట అనకుండా బోర్డు మీద రెండు తేదీలు రాశారు. 2018 ఏప్రిల్ 6. 2020 మార్చి 4. మొదటిది, క్రిప్టో వ్యాపారం చేసేవాళ్లకి బ్యాంకులు సేవలు ఇవ్వకూడదని రిజర్వ్ బ్యాంకు సర్క్యులర్ ఇచ్చిన రోజు. రెండోది, ఆ సర్క్యులర్‌ని సుప్రీంకోర్టు కొట్టేసిన రోజు. మధ్యలో దాదాపు 23 నెలలు. "ఆ 23 నెలల్లో ఎవరేం చేశారో తెలిస్తే, ఈ రంగంలో నిలబడ్డం అంటే ఏంటో సగం తెలిసినట్టే" అన్నారు.

కాయిన్లు కొని అమ్ముకునే ఎక్స్ఛేంజీల్లో జెబ్‌పే 2018లో మన దేశంలో ట్రేడింగ్ ఆపేసింది. కాయినెక్స్ 2019లో మూతపడింది. సారు పనిచేస్తున్న చిన్న కంపెనీ కూడా మూసేశారట. ఆయన ఊరెళ్లి సాయంత్రాలు ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్తూ, పగలంతా సాలిడిటీ నేర్చుకుంటూ కూర్చున్నారు. సాలిడిటీ అంటే ఇథీరియం అనే బ్లాక్‌చెయిన్ మీద ప్రోగ్రాములు రాసే భాష. బ్లాక్‌చెయిన్ అంటే చాలా కంప్యూటర్లలో ఒకేలా ఉండే ఉమ్మడి లెక్కల పుస్తకం. ముంబైలో జయంతి కనాని, సందీప్ నైల్వాల్, అనురాగ్ అర్జున్ ఇథీరియం లావాదేవీలు వేగంగా, చవగ్గా జరిగేలా చేయడానికి 2017లో మాటిక్ అనే పేరుతో మొదలుపెట్టిన పని అదే కాలంలో సాగుతూనే ఉంది. వాళ్ల మెయిన్‌నెట్, అంటే నిజం డబ్బుతో నడిచే నెట్‌వర్క్, 2020లో వచ్చింది, 2021లో దానికి పాలిగాన్ అని పేరు మార్చారు. అందరికీ కనిపించింది 2021లోని ఆ పేరే. బ్యాంకు ఖాతా ఉంటుందో ఊడుతుందో తెలియని రోజుల్లో కూర్చుని కోడ్ రాసిన సంగతి చాలామందికి తెలియదు. నాకు ఆ గంట బాగా నచ్చింది. రేటు ఎంతుంది, రేపు ఎంత అవుతుంది అనే మాట ఆ రోజు క్లాసులో ఒక్కసారి కూడా రాలేదు.

సెక్యూరిటీ చెప్పే మేడం వేరే. ఒక బ్యాంకు ఫ్రాడ్ విభాగంలో పనిచేసి వచ్చారు. మూడో వారం మాకందరికీ పన్నెండు గీతలున్న అట్టముక్క తలా ఒకటి ఇచ్చారు. ఫోన్‌లో కొత్త వాలెట్ (కాయిన్లు దాచుకునే యాప్) తెరిచి, అది చూపించే పన్నెండు మాటలు ఆ అట్ట మీద పెన్నుతో రాయాలి. ఫొటో తీయకూడదు, వాట్సాప్‌లో పెట్టుకోకూడదు. ఈ మాటలు 'అబాండన్'తో మొదలై 'జూ'తో ముగిసే 2048 ఇంగ్లిష్ మాటల జాబితాలోంచి వస్తాయి. ఆ పన్నెండూ తెలిసినవాడిదే డబ్బు, తెలియనివాడికి ఏ బ్యాంకు మేనేజరూ సాయం చేయలేడు. అందరం రాశాక మేడం, "ఇప్పుడు యాప్ డిలీట్ చేయండి" అన్నారు. చేశాం. "మళ్లీ ఇన్‌స్టాల్ చేసి, మీ అట్ట చూసి మీ వాలెట్ తెచ్చుకోండి."

ఇరవై రెండు మందిలో ఆరుగురికి రాలేదు. వాళ్లలో నేనొకదాన్ని. స్పెల్లింగులు ఒకటికి రెండుసార్లు చూసుకున్నాను, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఎన్నిసార్లు కొట్టినా తప్పని చూపిస్తోంది. చేతులు చెమట పట్టాయి, అందులో ఉన్నది నిజం డబ్బు కాదని తెలిసినా. మేడం వచ్చి అట్ట చేతిలోకి తీసుకుని కాసేపు చూసి, "తెర మీద మాటలు రెండు నిలువు వరసల్లో ఉన్నాయా అమ్మా?" అని అడిగారు. ఉన్నాయి. నంబర్లు పైనుంచి కిందికి ఉన్నాయి. నేను ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ రాసేశాను. పన్నెండు మాటలూ సరైనవే, వరస తప్పు. "ఈ పన్నెండు మాటల్ని 48 కోట్ల రకాలుగా పేర్చొచ్చు. ఇప్పుడంటే ఐదు నిమిషాల కిందట రాశారు కాబట్టి ఎలా రాశారో గుర్తుంది. ఫోన్ పోయిన రెండేళ్లకి బీరువాలోంచి ఈ అట్ట తీస్తే గుర్తుంటుందా?" అన్నారు. ఆ అట్టముక్క ఇప్పటికీ నా పర్సులో ఉంది. ఈ ఒక్క గంటకి నేను కట్టిన ఫీజులో సగం చెల్లిపోయిందని నా నమ్మకం. క్లాసులో రాసుకుని, చెరిపేసి, మళ్లీ తెచ్చుకునే అభ్యాసం చేయించని కోర్సులో చేరకండి.

ఆ తర్వాతి వారం చిరునామాల మోసం చూపించారు. వాలెట్ చిరునామా నలభై అక్షరాలకి పైనే ఉంటుంది, ఎవరూ మొత్తం చదవరు, మొదటి నాలుగూ చివరి నాలుగూ చూసి వదిలేస్తారు. దొంగలు సరిగ్గా ఆ ఎనిమిదీ కలిసేలా ఇంకో చిరునామా తయారుచేసి, దాన్నుంచి మీకు సున్నా విలువ లావాదేవీ ఒకటి పంపుతారు. అది మీ పాత లావాదేవీల జాబితాలో చేరుతుంది. తర్వాత ఎప్పుడో మీరు ఆ జాబితాలోంచే చిరునామా కాపీ చేసుకుంటారు. 2024 మేలో ఒకరు ఇలాగే 1,155 ర్యాప్డ్ బిట్‌కాయిన్లు (ఇథీరియం మీద నడిచే, బిట్‌కాయిన్ విలువే ఉండే కాయిన్లు), అంటే ఆరున్నర కోట్ల డాలర్ల పైమాటే, దొంగ చిరునామాకి పంపేశారు. బేరం మాట్లాడాక చాలావరకు వెనక్కి వచ్చింది, కానీ అందరికీ అలా రాదు. మేడం మాతో ఒక చిరునామాని బయటికి, ఒక్కో అక్షరం, జంటలుగా కూర్చుని చదివించారు. యార్డులో పెద్ద మొత్తం చెక్కు రాసేటప్పుడు అంకెల్లో ఒకరు, అక్షరాల్లో ఒకరు చదివి సరిచూసుకునేవాళ్లం. అదే పని.

మేం కోర్సులో ఉండగానే, 2024 జూలైలో, మన దేశంలోని ఒక ఎక్స్ఛేంజీ వాలెట్ నుంచి 23 కోట్ల డాలర్ల పైన దొంగలు ఎత్తుకుపోయిన వార్త వచ్చింది. ఆ వాలెట్‌కి ఒకరి సంతకం చాలదు, పలువురు సంతకం పెట్టాలి. అయినా పోయింది. తెర మీద చూపించింది ఒకటి, నిజంగా సంతకం పడింది ఇంకొకటి అని ఆ సంస్థే చెప్పింది. ఆ శనివారం పెట్టుకున్న పాఠం పక్కన పెట్టేసి రెండు గంటలు దీని గురించే మాట్లాడారు. సారు, మేడం ఇద్దరూ కలిసి చెప్పిన క్లాసు అదొక్కటే. సంతకం పెట్టేముందు లోపలున్న డేటా విప్పి చదవడం ఎలాగో చూపించారు.

ఇప్పుడు ఆరో వారం గురించి చెప్పాలి. నేను ఈ రంగంలో ఉండగలనని నాకు నమ్మకం కలిగింది ఆ రోజే.

సారు తెర మీద పది లైన్ల సాలిడిటీ కోడ్ పెట్టారు. విత్‌డ్రా అనే ఫంక్షన్. అందులో మూడు పనులున్నాయి. అడిగినవాడి ఖాతాలో డబ్బుందో లేదో చూడటం, డబ్బు పంపడం, ఖాతాలో సున్నా రాయడం. "ఇందులో తప్పేంటి?" అని అడిగారు. బీటెక్ పిల్లలు సెమికోలన్లు, బ్రాకెట్లు వెతుకుతున్నారు. నాకు కోడ్ సరిగ్గా రాదు, కానీ తప్పు కనిపించింది. చెయ్యెత్తి, "డబ్బు ఇచ్చాక పద్దు కొడుతున్నారు సార్. ముందు పద్దు కొట్టాలి" అన్నాను.

ఎలా తెలిసిందంటే, యార్డులో నా మొదటి సంవత్సరం జరిగింది. సీజన్ రోజుల్లో ఒక రైతుకి 18,400 లెక్కపెట్టి ఇచ్చాను. పుస్తకంలో కొట్టేలోపల ఇంకెవరో పిలిచారు, లేచి వెళ్లాను. అరగంటకి ఆయన కొడుకు లెక్క కాగితం పట్టుకుని వచ్చాడు. పుస్తకంలో బాకీ ఉన్నట్టే ఉంది, మా గుమాస్తా ఇంకో 18,400 ఇచ్చి పంపాడు. మర్నాడు ఆ తండ్రే బస్సెక్కి వచ్చి తిరిగి ఇచ్చేశాడు. మా యజమాని నన్ను తిట్టలేదు. "అమ్మాయ్, ముందు పుస్తకంలో కొట్టు, తర్వాత గల్లాపెట్టె తెరువు. ఎంత రద్దీ ఉన్నా ఇదే వరస" అన్నారు. తర్వాత ఐదేళ్లలో ఆ వరస ఒక్కసారి కూడా తప్పలేదు.

కోడ్‌లో అయితే డబ్బు తీసుకునేవాడు మనిషే కానక్కర్లేదు, ఇంకో ప్రోగ్రాం కావచ్చు. డబ్బు చేతిలో పడగానే, ఇటు సున్నా రాసేలోపలే, 'నాకింకా బాకీ ఉంది' అని మళ్లీ అడుగుతుంది. ఖాతా చూస్తే బాకీ ఉన్నట్టే ఉంటుంది. మళ్లీ ఇస్తారు. మళ్లీ అడుగుతుంది. 2016 జూన్‌లో 'ద డావో' అనే ఉమ్మడి నిధి మీద ఇలాగే దాడి జరిగి 36 లక్షల ఈథర్ (ఇథీరియం కాయిన్) బయటికి పోయింది. దాన్ని సరిదిద్దడానికి జూలైలో ఇథీరియం చరిత్రనే రెండు దారులుగా చీల్చాల్సి వచ్చింది. ఒప్పుకోనివాళ్లు పాత దారిలోనే ఉండిపోయారు, దాన్నే ఇప్పుడు ఇథీరియం క్లాసిక్ అంటారు. కోట్ల డాలర్ల ఆ తప్పుకి విరుగుడు, ఆ మూడు పనుల్లో రెండోదాన్నీ మూడోదాన్నీ తారుమారు చేయడం. సారు నా వైపు చూసి, "మీ యజమాని సాలిడిటీ చదవకుండానే సెక్యూరిటీ ఆడిటర్ అమ్మా" అన్నారు. అన్నంతలో క్లాసంతా చప్పట్లు. ఇంటికెళ్లి గుంటూరుకి ఫోన్ చేసి ఆయనకి చెప్పాను. ఆయనకి క్రిప్టో అంటే ఏంటో తెలియదు, కానీ చాలా సంతోషపడ్డారు.

ఈ పాఠం కోసం ఇంత డబ్బు పోయక్కర్లేదని కూడా చెప్పాలి. ఎథర్‌నాట్ అనే ఉచిత ఆటలో ఇదే లోపం ఒక మెట్టుగా ఉంటుంది, మీరే దొంగలా ఆలోచించి నిధి ఖాళీ చేయాలి. క్రిప్టోజాంబీస్ కూడా ఉచితమే, సాలిడిటీ మొదటి అక్షరం నుంచి నేర్పిస్తుంది. కోడ్ రాసుకునే రీమిక్స్ బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది, ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. సెపోలియా టెస్ట్‌నెట్‌లో ఉత్తుత్తి ఈథర్‌తో ఎన్ని తప్పులైనా చేయొచ్చు. మా కోర్సులో వాడినవన్నీ ఇవే. ఇన్‌స్టిట్యూట్ ఇచ్చిందల్లా వారానికి రెండు రోజులు ఒక చోట కూర్చోబెట్టడం, తెలుగులో అడిగితే తెలుగులో జవాబు చెప్పే మనిషి. నాకు ఆ రెండూ కావాలి కాబట్టి కట్టాను. ఇంగ్లిష్‌లో సొంతంగా చదువుకోగలిగితే మూడు నెలలు ఇంట్లోనే కూర్చోండి, 28,320 మిగుల్తాయి.

తొమ్మిదో వారం పన్నుల క్లాసు. చాలామంది దీనికి ఎగ్గొట్టారు, ఆ ఆదివారం పదకొండు మందే వచ్చారు. నా లెక్కలో కోర్సు మొత్తానికి ఇదే గుండెకాయ. మేడం ఒకే ఉదాహరణ తీసుకున్నారు. ఒక కాయిన్ లక్షకి కొని 1,40,000కి అమ్మారు, లాభం 40,000. అదే సంవత్సరం ఇంకో కాయిన్‌లో 40,000 పోయింది. మీ చేతికి మిగిలింది సున్నా. "పన్ను ఎంత?" అని అడిగితే అందరం సున్నా అన్నాం. కాదు. 2022 బడ్జెట్‌లో తెచ్చిన 115బీబీహెచ్ సెక్షన్ ప్రకారం లాభం మీద 30 శాతం, దాని మీద 4 శాతం సెస్, మొత్తం 12,480. ఒక కాయిన్ నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలోంచి తీసేయడానికి వీల్లేదు, వచ్చే ఏడాదికి మోయడానికీ వీల్లేదు. ఒక్క రూపాయి మిగలకుండా పన్నెండు వేలు కట్టాలి.

దాని మీద 2022 జూలై 1 నుంచి అమ్మిన ప్రతిసారీ 1 శాతం టీడీఎస్. ధర అసలు కదలలేదనుకుందాం. లక్ష రూపాయలతో కొని అమ్మి, వచ్చినదంతా మళ్లీ పెట్టి కొని అమ్మి, అలా యాభైసార్లు తిప్పితే చేతిలో ఉండేది దాదాపు 60,500. మిగతాది ప్రభుత్వం దగ్గర ఉంటుంది, రిటర్న్ వేసి తెచ్చుకోవచ్చు, కానీ అప్పటిదాకా మీ పెట్టుబడి కాదు. రోజుకి పదిసార్లు ట్రేడ్ చేస్తే డబ్బే డబ్బని చెప్పేవాళ్లెవరైనా ఈ లెక్క మీ ముందు వేశారా? నాకు టెలిగ్రామ్ గ్రూపులో ఎవరూ వేయలేదు. నా లూనా నష్టం ఏ లాభంలోంచీ తీసేయడానికి లేదని కూడా ఆ రోజే తెలిసింది.

ఇంత బాగున్న కోర్సులో పది, పదకొండు, పన్నెండు వారాలు ట్రేడింగ్‌కి ఇచ్చారు. ఇక్కడే నాకు కోపం. సారు, మేడం కాకుండా బయటి నుంచి ఒకాయన వచ్చేవారు. క్యాండిల్ చార్టులు, గీతలు, లాభాల స్క్రీన్‌షాట్లు. నష్టాల స్క్రీన్‌షాట్ ఒక్కటి కూడా చూపించలేదు. ఫ్యూచర్స్‌లో, అంటే ధర పెరుగుతుందో తగ్గుతుందో అని వేసే పందెం లాంటి ట్రేడింగ్‌లో, 20 రెట్ల లెవరేజ్ (అప్పు బలం) పెట్టి, 5,000తో లక్ష రూపాయల పొజిషన్ తీసి క్లాసులోనే లైవ్‌లో 900 లాభం చూపించారు. 20 రెట్లంటే ధర 5 శాతం ఎదురు తిరిగితే పెట్టిందంతా తుడిచిపెట్టుకుపోతుంది. క్రిప్టోలో 5 శాతం అనేది ఒక్క రాత్రి పని. ఆ మాట ఆయన చెప్పారు, కానీ చివర్లో, అందరూ బ్యాగులు సర్దుకుంటుంటే చెప్పారు.

మా బ్యాచ్‌లో నల్గొండ వైపు కుర్రాడు ఒకడున్నాడు, బీటెక్ అయిపోయి ఖాళీగా ఉన్నాడు. వాళ్లమ్మ బట్టలు కుట్టి కట్టిన చీటీ ఎత్తి 80,000 వాడి చేతికిచ్చింది, హైదరాబాద్‌లో ఉండటానికీ ఫీజుకీ. పదకొండో వారం ఆదివారం సాయంత్రం మెట్ల మీద కూర్చుని ఉన్నాడు, టీ తాగుదాం రారా తమ్ముడూ అంటే లేవలేదు. ఫీజు పోగా మిగిలినదంతా శనివారం రాత్రి ఫ్యూచర్స్‌లో పెట్టాడు, తెల్లారేసరికి పోయింది. "అక్కా, అమ్మకి ఎలా చెప్పాలి?" అని ఒకటే మాట. నా దగ్గర జవాబు లేదు. పక్కన కూర్చున్నాను అంతే. మరుసటి శనివారం నేను, ఇంకో ముగ్గురం వెళ్లి ఆఫీసులో అడిగాం. ఆయన మా స్టాఫ్ కాదు, గెస్ట్ ఫ్యాకల్టీ అన్నారు. మీ గదిలో, మీ టైంటేబుల్లో, మేం మీకు కట్టిన ఫీజుతో చెప్పిన పాఠం మీది కాకుండా ఎలా పోతుంది? రాతపూర్వకంగా కూడా ఇచ్చి వచ్చాను.

సారు ఆ కుర్రాడిని వదల్లేదు, అది ఆయన గొప్పతనం. కోర్సు అయ్యాక కూడా మూడు నెలలు పిలిచి కూర్చోబెట్టుకుని ఆడిటింగ్ నేర్పారు. ఇప్పుడు వాడు ట్రైనీగా ఉన్నాడు, స్మార్ట్ కాంట్రాక్టుల్లో, అంటే బ్లాక్‌చెయిన్ మీద నడిచే ప్రోగ్రాముల్లో, తప్పులు పట్టే పని. వాళ్లమ్మకి చెప్పాడు కూడా.

ప్లేస్‌మెంట్ విషయం. బ్యానర్ మీద '100 శాతం ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్' అని ఉంటుంది. చివరి మాట మీద వేలు పెట్టి చదవండి. బయోడేటా నాలుగు చోట్లకి పంపుతారు, అక్కడితో వాళ్ల బాధ్యత తీరింది. 22 మందిలో నాకు తెలిసి ఇప్పుడు ఈ రంగంలో పనిచేస్తున్నది ఐదుగురం. ఆ కుర్రాడు ఆడిటింగ్‌లో, ఒకతను వెబ్‌సైట్ల పనిలో, ఇద్దరు ఒక ఎక్స్ఛేంజీలో కేవైసీ పరిశీలనలో, నేను మాదాపూర్‌లో క్రిప్టో పన్ను లెక్కలు చేసే చిన్న కంపెనీలో. ట్రేడింగ్ చేసి బతుకుతానని వెళ్లినవాళ్లు నాకు తెలిసి ఏడుగురు. వాళ్లలో ఎవరూ ఇప్పుడు దాని గురించి మాట్లాడటం లేదు.

బీకాం వాళ్లకి ఇక్కడ పనేముంటుందని చాలామంది అడుగుతున్నారు. 2023 మార్చిలో క్రిప్టో సంస్థల్ని మనీ లాండరింగ్ నిరోధక చట్టం కిందికి తెచ్చారు. అప్పట్నుంచి ఎక్స్ఛేంజీలు ఎఫ్ఐయూ అనే ప్రభుత్వ ఆర్థిక నిఘా విభాగంలో రిజిస్టర్ అవ్వాలి, ఖాతాదారుల వివరాలు సరిచూడాలి, అనుమానం వచ్చిన లావాదేవీలు తెలియజేయాలి. ఇవన్నీ లెక్కలు తెలిసినవాళ్లు చేసే పనులు. ఎఫ్‌టీఎక్స్ సంగతే చూడండి. 2022 నవంబర్‌లో అంత పెద్ద ఎక్స్ఛేంజీ కూలింది హ్యాకర్ల వల్ల కాదు. ఖాతాదారుల డబ్బు సొంతవాళ్ల ట్రేడింగ్ కంపెనీకి పోయింది. దాని యజమాని శామ్ బ్యాంక్‌మన్ ఫ్రీడ్‌కి 2024 మార్చిలో 25 ఏళ్ల జైలు పడింది. ఖాతాదారుడి సొమ్ము వేరు, కొట్టు సొమ్ము వేరు అని మొదటి రోజు నుంచీ రెండు పుస్తకాలు పెట్టే గుమాస్తా మాట అక్కడ చెల్లి ఉంటే ఆ పరిస్థితి వచ్చేది కాదని నేను గట్టిగా నమ్ముతాను.

నాకు ఉద్యోగం తెచ్చింది సర్టిఫికెట్ కాదు. దాన్ని ఇంటర్వ్యూలో తెరిచి కూడా చూడలేదు. 2022లో నేను చేసిన లావాదేవీలన్నీ, ఎక్స్ఛేంజీ స్టేట్‌మెంట్ ఒక పక్క, బ్లాక్‌చెయిన్ మీద కనిపించే రికార్డు ఒక పక్క పెట్టి, ఎక్సెల్లో వరసగా సరిచూసుకుని పట్టుకెళ్లాను. ఎథర్‌స్కాన్ లాంటి సైట్‌లో ప్రతి లావాదేవీ ఎవరు పంపారు, ఎవరికి, ఎంత, ఫీజు ఎంత అని అందరికీ కనిపించేలా ఉంటుంది. నాకది యార్డు గోడకి అతికించిన చిట్టాలా అనిపిస్తుంది, ఎవరైనా వచ్చి చదువుకోవచ్చు. ఇంటర్వ్యూ చేసినాయన ఒక వరస మీద వేలు పెట్టి, "ఈ రెండింటి మధ్య 0.003 తేడా ఉంది, ఎందుకు?" అని అడిగారు. విత్‌డ్రాయల్ ఫీజు. పక్క కాలమ్‌లో రాసి ఉంది, చూపించాను. ఇంకో రెండు ప్రశ్నలు అడిగి, ఎప్పుడు చేరతారన్నారు. జీతం నెలకి 32,000తో మొదలైంది.

రేటింగ్ అంటే, సెక్యూరిటీకి, పన్నులకి, సారు చెప్పిన సాలిడిటీకి ఐదుకి ఐదు. ప్లేస్‌మెంట్‌కి ఒకటి. ట్రేడింగ్ మూడు వారాలకి ఏమీ ఇవ్వను. చేరాలనుకుంటే ముందు డెమో క్లాసుకి వెళ్లండి, ఉచితమే. వాలెట్ చెరిపి తిరిగి తెచ్చే అభ్యాసం ఉందా, పన్నుల క్లాసు ఎన్ని గంటలు, ట్రేడింగ్ ఎవరు చెప్తారు అని అక్కడే అడగండి. సారు, మేడం ఇద్దరూ మీ బ్యాచ్‌కి ఉంటారో లేదో కూడా కనుక్కోండి, అమీర్‌పేటలో ఫ్యాకల్టీ తరచూ మారుతుంటారు. ఊళ్ల నుంచి వచ్చే పిల్లలకి ఒక మాట, ఇంట్లోవాళ్లు ఇచ్చిన డబ్బు ఉన్న ఖాతాని నేర్చుకునే ఫోన్‌కి కలపకండి. టెస్ట్‌నెట్ ఉన్నది అందుకే.

పోయిన వారం ఇన్‌స్టిట్యూట్‌కి ఫోన్ చేశాను. ట్రేడింగ్ మూడు వారాల నుంచి ఒక వారానికి తగ్గించామని, లైవ్ ట్రేడింగ్ తీసేశామని, ఆ రెండు వారాలూ పన్నులకీ లెక్కలకీ ఇచ్చామని చెప్పారు. పన్నుల క్లాసులో ఒక ఆదివారం వచ్చి మాట్లాడతారా అని కూడా అడిగారు. కొత్త టైంటేబుల్ కాగితం మీద చూపిస్తే వస్తానన్నాను. శనివారం పొద్దున వెళ్తున్నాను.